ఒక మెతుకు పట్టి చూస్తే



ఈ సభ ఎవరి పేరున జరుగుతోందో మీకు నేను చెప్పనక్కర్లేదు. బయటివాళ్లకు ఆయన పెద్ద ఉద్యోగి. ల్యాబులో ఆయన చేతికింద పనిచేసిన మాకు మాత్రం మాస్టారు. నిర్వాహకులు ఫోన్ చేసి సాంకేతిక ప్రగతి మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద మాట నా నోటికి పట్టదు. ఆయన నాకు నేర్పిన ఒక్క పని గురించి చెబుతాను. ఉన్న సాఫ్ట్‌వేరు తీసి కొత్తది పెట్టడం. అదీ ఒక కంప్యూటర్లో కాదు, ఒకదానితో ఒకటి ముడిపడ్డ పదుల, వందల కంప్యూటర్లలో.

1996లో మా ల్యాబులో 40 సిస్టమ్‌లు ఉండేవి. విండోస్ 95 మాకు ఫ్లాపీల్లో వచ్చింది, మొత్తం 13. అంటే 520 సార్లు ఫ్లాపీ పెట్టడం, తియ్యడం. మూడో రోజు సాయంత్రానికి వేళ్లు కాయలు కాచి, "అయిపోయింది సార్" అన్నాను.

"చూశావా?" అన్నారు.

"నాలుగైదు చూశానండీ. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలదా?"

"ఒక కుండలో అన్నమైతే చాలు. నువ్వు నలభై కుండలు పెట్టావు" అని, తన నోటు పుస్తకం తీసుకుని లేచారు. 37వ సిస్టమ్ తొమ్మిదో ఫ్లాపీ దగ్గర ఆగిపోయి ఉంది. ఆ పుస్తకంలో 37 పక్కన గడి ఖాళీగా వదిలేసి నా చేతికిచ్చారు.

నలభై కుండల్ని ఒకే కుండ చెయ్యాలని పడ్డ పాట్లే ఈ వృత్తి చరిత్రలో సగం. 1994లో అమెరికాలో నాసా గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డోనాల్డ్ బెకర్ అనే ఇద్దరు 16 మామూలు 486 కంప్యూటర్లను ఈథర్నెట్‌తో కలిపి, లినక్స్ పెట్టి, ఒకే పెద్ద యంత్రంలా వాడారు. దానికి బేవుల్ఫ్ అని పేరు. అప్పటిదాకా సూపర్ కంప్యూటరంటే కోట్ల మాట. ఇక ఏ విశ్వవిద్యాలయమైనా క్లస్టర్ కట్టుకోవచ్చు. యంత్రాల మీద మిగిలిన డబ్బుకు బదులు వాటిని చూసుకునేవాళ్ల నిద్ర ఖర్చయింది. ఒక ఆదేశం రాసి వరసగా అన్ని నోడ్‌లకూ, అంటే క్లస్టర్లోని ఒక్కో యంత్రానికీ, పంపేవారు. ఆ వేళకు ఆగి ఉన్న నోడ్‌కు అది అందదు. ఆర్నెల్లు గడిచేసరికి, పుట్టినప్పుడు కవలల్లా ఉన్నవి ఒకదానికొకటి పోలిక లేకుండా తయారయ్యేవి.

దీనికి మందు అంతకు ఏడాది ముందే, 1993లో, నార్వేలో తయారైంది. ఆస్లోలో మార్క్ బర్జెస్ అనే భౌతికశాస్త్రవేత్త సీఎఫ్ఇంజిన్ అనే సాఫ్ట్‌వేరు రాశారు. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే. "పప్పులో చెంచాడు ఉప్పు వెయ్యి" అని ఇంట్లో ముగ్గురికి చెబితే మూడు చెంచాలు పడతాయి. "పప్పులో ఉప్పు సరిపోవాలి" అని చెబితే ఎవరికి వారు రుచి చూసి, చాలకపోతేనే వేస్తారు. బర్జెస్ యంత్రాలకు రెండో రకంగా చెప్పడం మొదలుపెట్టారు. ఏం చెయ్యాలో చెప్పకుండా ఎలా ఉండాలో చెప్పారు. యంత్రం తన్ను తాను చూసుకుంటుంది, తేడా ఉంటే దిద్దుకుంటుంది, లేకపోతే ఊరుకుంటుంది. ఆగిపోయిన నోడ్ నాలుగు రోజుల తర్వాత లేచినా తన లోటు తనే పూడ్చుకుంటుంది. తర్వాత వచ్చిన పపెట్, చెఫ్, యాన్సిబుల్ అన్నీ ఆ దారినే నడిచాయి.

శాన్ డియెగో సూపర్ కంప్యూటర్ సెంటర్ వాళ్లు 2000లో ఇంకా మొండి దారి పట్టారు. వాళ్ల రాక్స్ అనే పద్ధతిలో మరమ్మతు లేదు. నోడ్ మీద అనుమానం వస్తే తుడిచేసి, మొదటినుంచి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. కరెంటు పోయి ఉన్నట్టుండి ఆగిపోయిన నోడ్ తిరిగి లేచేటప్పుడు తనంతట తనే కొత్తగా ఇన్‌స్టాల్ అయిపోతుంది. మాస్టారికి ఇది గిట్టలేదు. "రోగమేమిటో చూడకుండా మనిషినే మార్చేస్తారా?" అనేవారు. ఈ ఒక్క విషయంలో నేను శాన్ డియెగో పక్షం. 2013లో డాకర్, 2014లో కుబర్నెటీస్ అనే సాఫ్ట్‌వేర్లు వచ్చాక, పాడైనదాన్ని బాగుచెయ్యకుండా కొత్తది పెట్టే ఆ పక్షానికే లోకమంతా చేరింది.

అయితే పరిశోధన క్లస్టర్‌ను కావాలంటే ఒక ఆదివారం ఆపుకోవచ్చు. టికెట్ల కౌంటర్‌ను ఆపలేం. మన రైల్వే రిజర్వేషన్లనే చూడండి. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్... అయిదు కేంద్రాలు, దేనికదే. వాటిని కలపడానికి రైల్వేల క్రిస్ సంస్థ తయారుచేసిన కొత్త సాఫ్ట్‌వేరు పేరు కాన్సర్ట్. దాన్ని ఒకేసారి అయిదు చోట్లా దించలేదు. 1994లో ముందు సికింద్రాబాద్‌లో పెట్టారు. అయిదూ కలిసింది 1999 ఏప్రిల్లో. అంత నెమ్మదేమిటని అప్పట్లో నేనూ విసుక్కున్నవాణ్ణే.

తొందరపడకుండా వంతులవారీగా పెట్టినా గండం తప్పదని 2012లో న్యూయార్క్ షేర్ మార్కెట్లో తెలిసింది. నైట్ క్యాపిటల్ అనే బ్రోకరేజీ సంస్థకు ఆర్డర్లు పంపే సర్వర్లు ఎనిమిది. కొత్త కోడ్‌ను కొన్ని రోజులపాటు విడతలుగా ఏడింటిలోకి ఎక్కించారు. ఎనిమిదోదాన్ని ఒక టెక్నీషియన్ మరిచిపోయాడు. రెండో మనిషి చూడలేదు. చూడాలన్న నియమం కూడా రాసుకోలేదు. ఆ ఎనిమిదో సర్వర్లో 2003లోనే వాడడం మానేసిన పాత కోడ్ ఒకటి పడుకుని ఉంది. కొత్త పని కోసం వాడుకున్న గుర్తే దాన్ని నిద్ర లేపే గుర్తు కూడా. ఆగస్టు 1న మార్కెట్ తెరిచాక 45 నిమిషాల్లో, 212 చిన్న ఆర్డర్లు నింపబోయి 40 లక్షల లావాదేవీలు చేసేసింది. నష్టం 46 కోట్ల డాలర్ల పైమాట. మార్కెట్ తెరవకముందే లోపం పేరు చెబుతూ 97 ఈమెయిళ్లు సిబ్బందికి వెళ్లాయి. ఎవరూ వాటిని హెచ్చరికలుగా తీసుకోలేదు. పైగా కంగారులో, సరిగ్గా ఉన్న ఏడు సర్వర్లలోంచి కొత్త కోడ్ తీసేశారు. దాంతో మిగతా ఏడూ ఎనిమిదోదాని బాటే పట్టాయి.

ఎనిమిది గడులున్న కాగితం ఒకటి సరిపోయేది.

ఇలాంటి దెబ్బల తర్వాత ముందు కొద్ది యంత్రాలకే కొత్త కోడ్ పంపి, కాసేపు చూసి, తర్వాత మిగతావాటికి పంపడం ఆచారమైంది. గనుల్లో విషవాయువు కనిపెట్టడానికి ఒకప్పుడు తీసుకెళ్లిన పిట్ట పేరు మీద దీన్ని కెనరీ అంటారు. నాకైతే ఇది మెతుకు పట్టి చూడడమే. కుండలన్నీ ఒకటయ్యాయి కాబట్టి ఇప్పుడు నా పాత సామెత చెల్లుతుంది. కానీ ఒకే కుండలో అన్నం మాడితే అందరికీ మాడుతుంది. అందుకే వడ్డించే ముందు ఆ మెతుకు పట్టి తీరాలి.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ అది చెయ్యలేదు. మన గడియారంలో ఉదయం 9.39కి ఒక చిన్న ఫైలు లోకంలో తన సాఫ్ట్‌వేరు ఉన్న విండోస్ యంత్రాలకు విడతలు లేకుండా వదిలింది. సాఫ్ట్‌వేరు 21 విలువల కోసం చూస్తే అందినవి 20. తప్పు తెలిసి 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు. అప్పటికే 85 లక్షల యంత్రాలు నీలి తెర వేసుకుని కూర్చున్నాయని మైక్రోసాఫ్ట్ లెక్క. హైదరాబాద్ విమానాశ్రయంలో ఆ రోజు బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు.

ఫైలు వెనక్కి తీసుకున్నా, పడిపోయిన యంత్రం లేస్తేగా కొత్తది అందుకోవడానికి? ఇన్నేళ్ల సీఎఫ్ఇంజిన్లూ కుబర్నెటీసులూ అక్కడ చెయ్యగలిగింది తక్కువ. చాలాచోట్ల మనిషి నడిచి వెళ్లి, ఒక్కో యంత్రం ముందు కూర్చుని, సేఫ్ మోడ్‌లో లేపి, ఆ ఒక్క ఫైలు చెరపాల్సి వచ్చింది. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల సంఖ్య చేత్తో కొట్టాలి. ఆ శుక్రవారం రాత్రి నా దగ్గర పని నేర్చుకున్న ఒకమ్మాయి ఏదో ఆఫీసు నాలుగో అంతస్తులోంచి ఫోన్ చేసి, "సార్, ఎనభై అయ్యాయి, ఇంకా నూటయాభై ఉన్నాయి" అంది.

"చూశావా?" అన్నాను.

"కాగితం మీద గడులు గీసుకున్నానండీ" అంది.