ఐదేళ్ల పిల్ల, గుప్పెడు బియ్యం

బెల్లంపల్లిలో ఫస్ట్ షిఫ్ట్ ముగించుకుని టీ తాగుతూ వింటున్నవారికి కంబోడియా దూరపు ముచ్చటే. 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ సైన్యం రాజధాని ఫ్నోమ్‌పెన్‌లోకి వచ్చి, జనాన్ని ఊరొదిలి నడవమంది. అలా నడిచినవాళ్లలో ఒకరైన లూంగ్ ఉంగ్‌కు అప్పుడు ఐదేళ్లు. ఖ్మేర్ రూజ్ పాలనకు నాలుగేళ్లు నిండకముందే 15 లక్షలకు పైగా జనం పోయారు. కొందరిని చంపారు, కొందరిని ఆకలి, రోగాలు మింగాయి.

అంకె విని ఊరుకుంటాం. లూంగ్ ఉంగ్ తన చిన్నతనం గురించి రాసి 2000లో తెచ్చిన పుస్తకంలో మాత్రం, ఓ రాత్రి ఆకలికి తాళలేక ఆ పిల్ల తమ ఇంటి బియ్యమే గుప్పెడు దొంగిలించి తింటుంది. అమ్మ, నాన్న, ఓ అక్క, ఓ చెల్లి పోయాక కూడా ఆ గుప్పెడు ఆమెను వదలదు. చంపినవాళ్లు పడాల్సిన సిగ్గు బతికిన పిల్ల మోయడమేమిటి? చదివేవాళ్లను పట్టి కుదిపేది అదే.

అంత చిన్నపిల్లకు ఇంత వివరంగా గుర్తుంటుందా అని కంబోడియన్లలోనే కొందరు నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. తేదీలకు చరిత్ర పుస్తకాలున్నాయి. ఆ ఆకలి సంగతి ఆమె చెప్పాల్సిందే.

ఏళ్ల తర్వాత రాసింది ఆమె ఒక్కతే కాదు. పదిహేనేళ్లకే నాజీల ఆష్విట్జ్ శిబిరం చేరిన ఎలీ వీజెల్ కూడా దశాబ్దం దాటాకే, 1956లో పుస్తకం తెచ్చాడు.

ఇలా రాసుకోవాల్సిన జ్ఞాపకాలు మన దగ్గరా ఉన్నాయి. మన పాత ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న గోండులపై పోలీసు కాల్పులు జరిగాయి. దాన్ని జాతి హననంతో కలపకూడదు. సర్కారు లెక్క 13 మంది. జనం చెప్పేది అంతకు ఎన్నో రెట్లు. ఆనాటి పిల్లలకు ఇప్పుడు యాభై దగ్గర. వాళ్లను కూర్చోబెట్టి, గోండీలోనే చెప్పించి రాసుకోవడానికి ఇంకా వ్యవధి ఉంది.