ప్రకృతి సాక్ష్యము

(పఠనమందిర సభలో చేసిన ఉపన్యాస పాఠము)



1860లో ఆంగ్లేయ ప్రభుత్వము మనకు విధించిన శిక్షాస్మృతిలోని 377వ సెక్షను, ప్రకృతిక్రమమునకు విరుద్ధమైన సంగమమును నేరమనెను. యావజ్జీవ శిక్షకైనను వెనుదీయలేదు. ప్రకృతిక్రమమనగా నేమో మాత్రము ఆ సెక్షను చెప్పలేదు. వయోజనుల సమ్మతిగల సంబంధముల విషయమున దానిని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6వ తేదీన కొట్టివేసినది. అంతవరకు ప్రకృతి పేరిట నేరము మోపిరే గాని, ఆ ప్రకృతిని బోనెక్కించి యడిగినవారు అరుదు. మేము న్యాయవాదులము గనుక, ఆ సాక్షి యేమి చెప్పునో నేడు విందమని మిమ్ము కోరుచున్నాము.

తాను స్త్రీయనియో పురుషుడనియో మనిషికి గలుగు ఎరుక పెంపకము వలననే కలుగునని అమెరికాలో జాన్ మనీ యను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు బోధించెను. 1965లో కెనడాలో పుట్టిన కవల మగశిశువులలో ఒకనికి సున్తీ చేయుచుండగా అంగము కాలిపోయెను. మనీగారి సలహాపై తల్లిదండ్రులు వానికి శస్త్రచికిత్స చేయించి, పేరు మార్చి, గౌను తొడిగి ఆడపిల్లగా పెంచిరి, నిజము దాచిరి. ప్రయోగము ఫలించెనని గ్రంథములు చాటినవి. కాని ఆ బిడ్డ ఆ బ్రతుకులో ఇముడలేదు. పదునాలుగేండ్ల ప్రాయమున సత్యము తెలిసినంతనే మగవానిగా జీవింపసాగెను. 1997లో గాని లోకమునకు అసలు సంగతి తెలియలేదు. 2004లో అతడు తన ప్రాణము తానే తీసికొనెను.

ఒక్క సాక్షితో వ్యాజ్యము నిలువదందురా? డొమినికన్ రిపబ్లిక్కులోని సలీనాస్ గ్రామమును చూడుడు. అచ్చట కొందరు మగశిశువులు, పుట్టుకతో ఒక ఎంజైము లోపించుటచే, ఆడుశిశువులవలె కన్పట్టి ఆడపిల్లలుగనే పెరిగిరి. యుక్తవయస్సున దేహము మారగా, వారిలో పెక్కురు పురుషజీవనమునే చేపట్టిరి.

ఇక, మనసు ఎవరిపై పోవునను విషయము. 1996లో కెనడా పరిశోధకులు ఒక విచిత్రమైన లెక్క చూపిరి. ఒకే తల్లికి ముందు పుట్టిన అన్న ఒక్కొక్కనికి, తమ్మునిలో స్వలింగాకర్షణ కలుగు అవకాశము సుమారు మూడవవంతు చొప్పున హెచ్చునట! ఒకే యింట పెరిగినను, వేరు తల్లి బిడ్డలైన అన్నలకు ఈ లెక్క వర్తింపలేదు. కనుక కారణమును పెంపకమున గాక గర్భమున వెదుకవలసి వచ్చినది. మూలసంఖ్యయే స్వల్పము, కాబట్టి ముగ్గురన్నల తమ్ముడెవడైన ఈ సభలో నున్నచో, పొరుగువారు వానివంక తిరిగి చూడనక్కరలేదు. 2019లో సుమారు 5 లక్షలమంది జన్యువులను శోధించిన పండితులు, దీనికి జన్యువొక్కటి లేదనియు, అనేకములు కొంచెము కొంచెముగ పాలుపంచుకొనుననియు, వానిని జూచి ఏ యొక్కని మనసును చెప్పజాలమనియు తేల్చిరి.

అయితే ప్రకృతిని సాక్షిగా పిలువవచ్చును గాని, న్యాయపీఠ మెక్కింపరాదు. 1970లో ఇంగ్లండు న్యాయస్థానము కార్బెట్ వ్యాజ్యమున క్రోమోజోములు, బీజగ్రంథులు, జన్మకాలపు అంగములు లెక్కించి, ఒక భార్యను స్త్రీయే కాదని వివాహమును రద్దుచేసెను. 2014 ఏప్రిల్ 15న మన సుప్రీంకోర్టు ఆ పరీక్షను త్రోసిపుచ్చి, మనిషి అంతరంగమునే ప్రమాణముగ గైకొనెను. మతము జన్యువులలో లేదు, మార్చుకొనవచ్చును. అయినను రాజ్యాంగము దానిని రక్షించుట లేదా? జన్యువు దొరకినవానికే హక్కన్నచో, దొరకనివాని గతి యేమి?

మన హైదరాబాదు చరిత్రయు మరువదగినది కాదు. 1329 ఫసలీలో, అనగా 1919లో, పుట్టిన చట్టము అనుమానితులైన నపుంసకుల పేర్లు పట్టీలో వ్రాయుమనెను. స్త్రీవేషమున వీధిలో కన్పడినచో వారంటు లేకయే పట్టుకొనవచ్చుననెను. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టివేయుదాక అది గ్రంథమున బ్రతికియే యుండెను.

కుమారుని "జబ్బు" కుదుర్చు డాక్టరెవరని మమ్ము అడుగు తండ్రులు గలరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగాకర్షణను జబ్బుల పట్టిక నుండి 1990లోనే తొలగించినది. దానిని మార్చెదమను చికిత్సను జాతీయ వైద్య కమిషను 2022లో వృత్తిదోషముగ ప్రకటించెను. అట్టి చికిత్సకు సొమ్ము పుచ్చుకొను వైద్యునిపై రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చును. తండ్రి చేయకున్న కుమారుడే చేయవచ్చును. వ్రాయుట తెలియనివారికి మేము రుసుము లేకుండ వ్రాసి పెట్టుదుము.