చేతులు మారిన రేవు
(హాడోలో జరిగిన సంక్రాంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనం ఉంటున్న ఊరి చరిత్ర మీద ఓ అరగంట మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నేను ఇంటర్మీడియెట్‌తో చదువు ఆపి సైన్యంలో చేరినవాణ్ణి. చరిత్ర పండితుణ్ణి కాను. అయితే ఇన్‌ఫాంట్రీలో మ్యాప్ చదవడం బాగా నేర్పారు. ఏ ఊరికి వెళ్ళినా ముందు మ్యాప్ చూసి, ఈ చోటు ఎవరికి ఎందుకు కావలసి వచ్చిందీ అని ఆలోచించడం అలవాటైపోయింది. ఈ ఊరి సంగతి కూడా అలాగే చెబుతాను.

మ్యాప్ చూడండి. సముద్రం కొండల మధ్యగా లోపలికి చొచ్చుకొచ్చింది. రేవు ముఖద్వారం దగ్గర కాపలా జవానులాగా రాస్ దీవి. లోపల చాతమ్ దీవి, వంతెనకు ఇవతల మన హాడో. ఓడలు గాలివానకు భయపడకుండా లంగరు వేసుకోవచ్చు. మలక్కా జలసంధి వైపు వెళ్ళే ఓడల దారి మీద కన్నేసి ఉంచవచ్చు. ఈ ఊరి కథంతా ఈ రేవు కథే. ఇక్కడికి వచ్చిన ప్రతి ప్రభుత్వమూ రేవు కోసమే వచ్చింది. మనుషుల్ని మాత్రం ఎక్కడెక్కడి నుంచో తెచ్చి పడేసింది.

ఇలాంటి ఊళ్ళు ప్రపంచంలో ఇంకా ఉన్నాయి. యూరప్‌లో బెల్‌గ్రేడ్ చూడండి. డాన్యూబ్, సావా నదులు కలిసేచోట గుట్ట మీద కోట. రోమన్లు, బైజాంటియం వాళ్ళు, టర్కీ సుల్తానులు, ఆస్ట్రియావాళ్ళు, 1941లో జర్మన్లు, అందరికీ ఆ గుట్టే కావాలి. మన లెఫ్టినెంట్ జనరల్ సతీశ్ నంబియార్‌గారు 1992లో ఐక్యరాజ్యసమితి దళాలకు సారథ్యం వహించింది ఆ యుగోస్లావియాలోనే. చోటు మంచిదైతే ఊరికి సుఖం ఉండదు.

ఇక మన ఊరికి వద్దాం. మొదటి యజమానులు అండమానీయులు. వేల ఏళ్ళుగా ఈ తీరం వాళ్ళది. చోళుల తంజావూరు శాసనంలో నక్కవారం పేరుంది, అంటే నికోబార్. మనకు దొరికే ఊరి కథ మాత్రం 1789లో మొదలవుతుంది. లెఫ్టినెంట్ ఆర్చిబాల్డ్ బ్లెయిర్ కంపెనీ తరఫున వచ్చి చాతమ్ మీద అడవి కొట్టించి గుడిసెలు వేయించాడు. అప్పుడు పెట్టిన పేరు పోర్ట్ కార్న్‌వాలిస్. 1792లో ఆ మకాంను ఉత్తర అండమాన్‌కు మార్చారు. అక్కడ జ్వరాలతో జనం రాలిపోవడంతో 1796లో అదీ ఎత్తేశారు. తర్వాత అరవై ఏళ్ళు అడవి మళ్ళీ పెరిగింది.

1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్‌వారికి ఖైదీల్ని దాచే చోటు కావలసి వచ్చింది. 1858 మార్చి 10న డాక్టర్ జేమ్స్ వాకర్ రెండు వందల మంది ఖైదీలతో చాతమ్ దగ్గర దిగాడు. తర్వాత రాస్ దీవి ముఖ్య కేంద్రమైంది. వాళ్ళలో తిరుగుబాటు చేసిన సిపాయిలున్నారు. అంటే ఈ ఊరికి పునాది తీసినవారిలో మన వృత్తివాళ్ళే ఉన్నారన్నమాట. కాళ్ళకు సంకెళ్ళతో అడవి కొట్టారు, రోడ్లు వేశారు. హైదరాబాద్ రెసిడెన్సీ మీద 1857 జులైలో దాడి చేసినవారిలో మౌల్వీ అల్లావుద్దీన్ కూడా ఇక్కడికే వచ్చి, ఇక్కడే కన్నుమూశారు.

1859 మే నెలలో అండమానీయులు విల్లంబులతో అబర్డీన్ మీద దాడి చేశారు. ఇవాళ వాటర్ స్పోర్ట్స్ కాంప్లెక్స్ దగ్గర దానికి స్మారకం ఉంది, చూడనివాళ్ళు చూడండి. సైనికుడిగా ఆ యుద్ధాన్ని నేను ఇలా చూస్తాను. సంఖ్య వాళ్ళకే ఎక్కువ, అడవి వాళ్ళది, పట్టుదల వాళ్ళది. పోయింది ఒక్కటే, సర్‌ప్రైజ్. దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ పారిపోయి ఏడాదిపాటు వాళ్ళతో కలిసి బతికి, వాళ్ళ ఆడపిల్లల్ని పెళ్ళాడి, దాడికి ముందు వచ్చి బ్రిటిష్‌వారికి కబురు చేరవేశాడు. ప్రతిఫలంగా అతని శిక్ష మాఫీ అయింది. ఉప్పు తిన్న ఇంటికి చేసిన పని అది. ఆ తర్వాత వాళ్ళని ఓడించింది తుపాకులకంటే ఎక్కువగా రోగాలు. 1877లో తట్టు సోకి గుంపులు గుంపులుగా పోయారు. వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులు 1901 లెక్కల నాటికి 625 మంది. వాళ్ళను పెట్టి సాకుతామని నడిపిన 'అండమాన్ హోమ్' ఒకటి మన హాడోలోనే ఉండేది. ఖైదీల పిచ్చాసుపత్రి కూడా ఇక్కడే. మనం సాయంత్రం పూట నడిచే ఈ ఏటవాలు రోడ్లకు అంత బరువుంది. 2010 జనవరిలో బోవా సీనియర్ అనే ముసలమ్మ చనిపోవడంతో బో భాష మాట్లాడే చివరి మనిషి పోయింది.

పేర్ల సంగతి ఒకటి. స్కాట్లండ్‌లో అబర్డీన్ అని ఊరుంది, ఆ ప్రాంతంలోనే హాడో హౌస్ అనే జమీందారీ భవనముంది. మన పిల్లలు అబర్డీన్ బజారులో సైకిల్ బాగుచేయించుకొని హాడోకి తొక్కుకొస్తుంటే నాకు నవ్వొస్తుంది.

1872 ఫిబ్రవరి 8న వైస్రాయి లార్డ్ మేయో మౌంట్ హారియట్ ఎక్కి సూర్యాస్తమయం చూసి, హోప్‌టౌన్ జెట్టీ దగ్గర పడవెక్కబోతుంటే షేర్ అలీ అఫ్రిదీ కత్తితో పొడిచాడు. ఆ షేర్ అలీ ఒకప్పుడు పెషావర్‌లో బ్రిటిష్ అధికారుల దగ్గర కొలువు చేసినవాడే. మార్చి 11న వైపర్ దీవిలో ఉరితీశారు. ఆ కొండకి 2021లో మౌంట్ మణిపూర్ అని పేరు మార్చారు, 1891 యుద్ధం తర్వాత మణిపూర్ మహారాజా కులచంద్రను, ఆయన మనుషుల్ని ఈ దీవులకే పంపారు కాబట్టి.

సెల్యులర్ జైలు గురించి మీకందరికీ తెలుసు, సౌండ్ అండ్ లైట్ షో చూసే ఉంటారు. 1896 నుంచి 1906 దాకా ఖైదీలచేత కట్టించారు. ఏడు రెక్కల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. నేను చెప్పేది ఒక్కటే. అక్కడికి వెళ్ళినప్పుడు మన రంప మన్యాన్ని తలచుకోండి. 1879 పితూరీ నాడే మన్యం మనుషులు అండమాన్ చేరారు. అల్లూరి సీతారామరాజు అనుచరుల్లో బోనంగి పండు పడాలుకు పడింది కూడా అండమాన్ శిక్షే. కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకరాచారి వచ్చారు. 1933 నిరాహారదీక్షలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మొయిత్రా ప్రాణాలు వదిలారు.

ఇక అసలు విషయం. ఈ ప్రసంగానికి ముందు ఒకరిద్దరు మిత్రులు నా దగ్గరికొచ్చి, "సాబ్, జెండా ఎగరేసిన సంగతి చెప్పండి, హోంఫ్రేగంజ్ సంగతి ఎందుకు, నేతాజీకి మచ్చలా ఉంటుంది" అన్నారు. వాళ్ళ భయం నాకర్థమైంది. అయినా చెబుతాను. ఫౌజీల సభలో కాకపోతే ఇంకెక్కడ చెప్పాలి?

1942 మార్చి 23న జపాన్ సేన ఈ రేవులో దిగింది. ఒక్క తూటా పేలలేదు, బ్రిటిష్ దళాలు అంతకుముందే వెళ్ళిపోయాయి. తొలి రోజుల్లో జనం వాళ్ళని విమోచకులనే అనుకున్నారు. సైనికులు ఇళ్ళల్లోకి చొరబడుతుంటే జుల్ఫికర్ అలీ అనే కుర్రవాడు ఎయిర్‌గన్ పేల్చాడు. అతణ్ణి జనమందరి ముందూ చిత్రహింస పెట్టి కాల్చేశారు. అక్కడితో భ్రమ పోయింది. ఆ తర్వాత గూఢచారులనే అనుమానం మీద అరెస్టులు. అదే సెల్యులర్ జైలు, అవే గదులు. జైలర్లు మాత్రం మారారు. మనం విమానం దిగే చోట మొదటి రన్‌వే వేయించింది కూడా జపాన్‌వాళ్ళే. వేసినవాళ్ళు మాత్రం బలవంతాన పట్టుకొచ్చిన జనం.

డాక్టర్ దివాన్ సింగ్ అని ఒకరు. సైన్యం వైద్య విభాగంలో పనిచేసినవారు, పంజాబీ కవి. 1927లో ఇక్కడికి పోస్టింగ్ మీద వచ్చారు. ఇక్కడ గురుద్వారా కట్టించారు. జపాన్ సైనికుల కోసం తెచ్చిన ఆడవాళ్ళను ఉంచడానికి ఆ గురుద్వారా కావాలంటే ఇవ్వనన్నారు. 1943 అక్టోబరులో పట్టుకుపోయి సెల్యులర్ జైల్లో పెట్టారు.

1943 డిసెంబరు 29న నేతాజీ వచ్చారు. 30న జింఖానా మైదానంలో త్రివర్ణ పతాకం ఎగరేశారు. ఈ దీవులకు షహీద్, స్వరాజ్ అని పేర్లు పెట్టారు. విదేశీ పాలన తొలగిన మన గడ్డ మీద ఆయన నిలబడిన క్షణం అది. ఆ మైదానం పక్కనుంచి వెళ్ళినప్పుడు ఇప్పటికీ నా వీపు దానంతట అదే నిటారుగా అవుతుంది. ఆ సమయంలో దివాన్ సింగ్‌గారు ఆ జైల్లోనే ఉన్నారు. నేతాజీ దాకా ఆ కబురు చేరలేదు, చేరనివ్వలేదు. 1944 జనవరి 14న, మనం ఇక్కడ సంక్రాంతి చేసుకునే తారీఖున, ఆయన ప్రాణం పోయింది. జనవరి 30న నలభై నాలుగు మందిని హోంఫ్రేగంజ్ తీసుకెళ్ళి, ముందే తవ్వి ఉంచిన గుంత పక్కన నిలబెట్టి కాల్చేశారు. వాళ్ళలో చాలామంది ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ సభ్యులు, అంటే నేతాజీ జెండాకి సెల్యూట్ చేసిన పక్షంవాళ్ళే. జెండాకీ గుంతకీ మధ్య సరిగ్గా ఒక నెల.

ఇది నేతాజీకి మచ్చ అని నేననుకోను. మన భాషలో చెప్పాలంటే కమాండ్ ఇచ్చారు, కంట్రోల్ ఇవ్వలేదు. ఆజాద్ హింద్ ప్రభుత్వం తరఫున లెఫ్టినెంట్ కర్నల్ లోగనాథన్‌ను చీఫ్ కమిషనర్‌గా పంపారు. ఆయన 1944 ఫిబ్రవరిలో వచ్చి చూస్తే పోలీసు శాఖ జపాన్‌వాళ్ళ చేతుల్లోనే ఉంది, చివరిదాకా వదల్లేదు. ఆయన అనారోగ్యంతో, నిరాశతో ఆ ఏడే వెళ్ళిపోయారు. పోలీసు చేతిలో లేని పరిపాలన ఎలా ఉంటుందో ఇక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. కానీ మచ్చ కాదు కాబట్టి చెప్పొద్దు అంటే కుదరదు. డిసెంబరు 30న పిల్లలచేత నాటకం వేయిస్తాం, బాగుంది. ఆ నలభై నాలుగు మంది మనవలు, మునిమనవలు ఇదే ఊళ్ళో మన పక్కింట్లో ఉన్నారు. వాళ్ళ ముందు సగం కథే చెబుతున్నాం.

1945 ఆగస్టులో తిండిగింజలు కరువై వందలాది మందిని హావ్‌లాక్ దగ్గర సముద్రంలోకి తోసేశారు. అక్టోబరు 9న అదే జింఖానా మైదానంలో జపాన్‌వాళ్ళు బ్రిగేడియర్ సాలమన్స్ ముందు లొంగిపోయారు. ఖైదీల కాలనీ రద్దయింది. రాస్ దీవి సంగతి సరేసరి. 1941 జూన్ 26 భూకంపంతో దెబ్బతిని, యుద్ధంతో ఖాళీ అయి, మర్రి ఊడలకు అప్పగించబడింది.

స్వాతంత్ర్యం తర్వాతి కథ మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. తూర్పు బెంగాల్ శరణార్థులు వచ్చారు. 1956లో కేంద్రపాలిత ప్రాంతమైంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి మత్స్యకారులు, కూలీలు సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి వచ్చి ఈ హాడో రేవులోనే దిగారు. 2011 లెక్కల్లో దీవుల జనాభా 3,80,581, అందులో నూటికి 13 మంది తెలుగువాళ్ళు. మా అత్తవారి పెద్దలు అలా వచ్చినవాళ్ళే, అందుకే నేను రిటైరయ్యాక ఊరికి వెళ్ళకుండా ఇక్కడే ఉండిపోయాను. 1969 నుంచి మాజీ సైనికుల కుటుంబాలను గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బేకి పంపి స్థిరపరిచారు, వాళ్ళలో ఆంధ్రావాళ్ళూ ఉన్నారు. 2001 అక్టోబరు 8న మూడు దళాలకీ కలిపి ఒకే కమాండ్ దేశంలో మొదటిసారిగా ఇక్కడే ఏర్పడింది. 2004 డిసెంబరు 26 ఉదయం గురించి నేను ఎక్కువ మాట్లాడలేను. కార్ నికోబార్ ఎయిర్ బేస్‌లో మనవాళ్ళు కుటుంబాలతో సహా వందమందికి పైగా పోయారు. వాళ్ళకోసం ఒక్క నిమిషం మౌనం పాటిద్దాం.

...

కూర్చోండి. 2018లో రాస్ దీవి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది. నీల్, హావ్‌లాక్ దీవులు షహీద్, స్వరాజ్ ద్వీపాలయ్యాయి. 2023 జనవరి 23న ఇరవై ఒక్క దీవులకు పరమవీరచక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. అందులో సుబేదార్ జోగిందర్ సింగ్ పేరుంది, బానా సింగ్ పేరుంది. జె.సి.ఓ.ల మెస్‌లో ఆ రోజు మిఠాయి పంచుకున్నాం. 2024 సెప్టెంబరు 13న ఈ ఊరే శ్రీ విజయ పురం అయింది. నా నోరు ఇంకా పోర్ట్‌బ్లెయిర్ అనే అంటోంది, ఏమనుకోకండి. పేరు మార్చడం ప్రభుత్వం పని. ఎవరెవరి చేతులమీదుగా ఈ ఊరు వచ్చిందో మన పిల్లలకు చెప్పడం మన పని, దానికి గెజిట్ అక్కర్లేదు.

ఈ నెల 30న ఉదయం ఏడింటికి హోంఫ్రేగంజ్ బలిదాన్ వేదికి మన సంఘం తరఫున బండి బయల్దేరుతోంది. హాడో నుంచి ఇప్పటికి పదకొండు పేర్లు వచ్చాయి, ఇంకా చోటుంది. పిల్లల్ని తీసుకురండి. నీళ్ళ సీసాలు, టిఫిన్ మేము చూసుకుంటాం. పేర్లు కార్యదర్శిగారికి ఈ సాయంత్రం భోజనాలలోపు ఇవ్వండి.

జై హింద్.