ఇంటింటి లెక్కే చదువు
శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో రైతులూ కూలీలూ ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బుతో కుంగిపోతున్నారు. వారిలో చాలామందికి కిడ్నీలను దెబ్బతీసే షుగర్ లేదు. మరి జబ్బెందుకు? తాగే నీళ్లా, ఎండలో కష్టమా, పురుగుమందులా? ఎన్నో పరిశోధనలు జరిగినా ఇదీ కారణమని తేలలేదు. డయాలసిస్ చేసే డాక్టరు మంచంమీది మనిషిని కాపాడతారు. కానీ జబ్బు ఎవరికి వస్తోంది, ఎవరికి రావడం లేదు, ఏ ఊళ్లో ఎక్కువ అని ఇంటింటికీ తిరిగి లెక్కతేల్చేవారు వేరే కావాలి. ఆ పని నేర్పే పీజీ కోర్సే ఎంపీహెచ్, అంటే మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్.

ఈ కోర్సు సాధారణంగా రెండేళ్లు. జబ్బులు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తాయో చదివే ఎపిడెమియాలజీ, ఆరోగ్య లెక్కలను విశ్లేషించే బయోస్టాటిస్టిక్స్ దీనికి రెండు కళ్లు. పర్యావరణం, ఆరోగ్య విధానాలూ చదవాలి. మన దేశంలో ప్రజారోగ్య బోధనకు 1932లోనే కలకత్తాలో ప్రత్యేక సంస్థ వెలిసింది. తిరువనంతపురంలోని అచ్యుత మేనన్ కేంద్రం 1997లో ఎంపీహెచ్ ప్రారంభించింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ ఈ కోర్సు ఉంది.

ఎంబీబీఎస్ లేదని వెనకాడకండి. నర్సింగ్, డెంటల్, సైన్సు డిగ్రీలవారినీ చాలాచోట్ల చేర్చుకుంటారు; పల్లెను ఎరిగిన నర్సులు ఇందులో రాణిస్తారని నా నమ్మకం. అర్హతలు సంస్థను బట్టి మారతాయి. చేరేముందు ఫీల్డ్‌వర్క్ ఎన్ని వారాలో, ఏ ఊళ్లలోనో తప్పక అడగండి.