చీపురు పట్టిన చెయ్యే ముందుండాలి
(పారిశుధ్య కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యూనియన్ అనగానే మనకు జెండా దిమ్మె, మే డే ఊరేగింపు, పట్నం నుంచి వచ్చే పెద్ద నాయకుడు గుర్తొస్తారు. ఇవ్వాళ మేం మాట్లాడేది ఆయన గురించి కాదు. తెల్లారుజామున మస్టరు దగ్గర మీ పక్కన నిలబడే ప్రతినిధి గురించి. ఆ మనిషిని ఎన్నుకున్నది మీరేనా, పైనుంచి ఎవరన్నా పెట్టారా?

ఎందుకడుగుతున్నామంటే దీనికో చరిత్ర ఉంది. బొంబాయి బట్టల మిల్లుల్లో అంటరానివాళ్లని నేత ఖాతాలోకి రానిచ్చేవాళ్లు కాదు. అక్కడ నూలు పోగును నోటితో అందుకోవాలి, మైలపడుతుందన్నారు. కూలి ఎక్కువ గిట్టేదీ ఆ ఖాతాలోనే. మైల అన్నది తోటి కార్మికులే! కార్మికులంతా ఒక్కటే అని ఉపన్యాసాలిచ్చిన నాయకులు ఈ సంగతి పట్టించుకోలేదు. అందుకే 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల సభలో బాబాసాహెబ్ చెప్పాడు, కార్మికుడికి శత్రువులు ఇద్దరని: బ్రాహ్మణిజం, పెట్టుబడిదారీ. అంతమాత్రాన ఆయన ఐక్యత వద్దనలేదు. అదే ఏడు నవంబరు 7న, సమ్మె హక్కును దెబ్బతీసే బిల్లు మీద, కమ్యూనిస్టులతో కలిసే బొంబాయిలో సమ్మె చేయించాడు.

మరి మన ప్రతినిధి ఏం చెయ్యాలి? తన పాయింటులో ప్రతి మనిషి పేరూ, హాజరూ, పి.ఎఫ్. కోతా తెలిసుండాలి. ఆఫీసరు దగ్గరికి ఒంటరిగా పోకూడదు, ఇద్దర్ని వెంటబెట్టుకు పోవాలి. లోపల ఏం మాట్లాడాడో బయటికొచ్చి అందరికీ చెప్పాలి. ఒంటరిగా పోయినోణ్ణి ఒక కుర్చీతో, ఒక టీతో లొంగదీస్తారు. ఇంకో మాట. రోడ్లూడ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ప్రతినిధి మాత్రం మగవాడే ఎందుకుండాలి?

అన్నిటికంటే పెద్ద పని మ్యాన్‌హోల్ దగ్గర. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని అందులో దించడం 2013 చట్టం ప్రకారం నేరం. చనిపోతే కుటుంబానికి 30 లక్షలివ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ డబ్బు శవం లేచాక వచ్చేది. మూత తీసినప్పుడే 'మావాడు దిగడు' అని అడ్డం నిలబడే మనిషి కావాలి. అలా నిలబడ్డవాణ్ణి రేపు పన్లోంచి తీసేస్తే, మస్టరు దగ్గర అందరూ చీపుర్లు కింద పెట్టాలి. వెనక మనం లేకపోతే ప్రతినిధి ఒట్టి ఒంటరి మనిషే.

ఈ నెల్లోనే కూర్చోండి. మీ పాయింటుకు ఒక అక్కనో అన్ననో మీరే ఎన్నుకోండి. జై భీమ్!