తోలు పని మారింది, గుంతలో దిగే మనిషి మారలేదు

(తోలు కార్మికుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు మాట్లాడమని ఇచ్చిన విషయం ‘పరిశ్రమల్లో మెరుగైన ఉత్పత్తి, భద్రత, పర్యావరణ రక్షణ’. ఇది ఏసీ గదుల్లో కూర్చొని మాట్లాడుకునే మాట. కానీ దీని మీద మాట్లాడే హక్కు ముందు ఎవరికుంది? యంత్రం కొన్నవాడికా? తొట్టిలో దిగినవాడికా? అందుకే మేం తోలు పని సంగతే చెబుతాం. అది మన చేతుల్లో పెరిగిన పని.

చచ్చిన గొడ్డును మోసుకొచ్చి, తోలు ఒలిచి, సున్నపు నీళ్లలో నానేసి, బొచ్చు గీకి, తంగేడు చెక్క దంచి లందలో వేసి, వారాల తరబడి తిప్పి తిప్పి పదును చేసింది మన తాతలూ అవ్వలూ. కరక్కాయ ఎంత వెయ్యాలో, తోలు ఎప్పుడు తీయాలో వాళ్లకు ఏ బడీ నేర్పలేదు. చేత్తో తడిమి తెలుసుకున్నారు. ఆ తోలుతోనే ఊరికి చెప్పులు, ఎద్దులకు వార్లు, బావికి మోట బొక్కెన. మోట లేకుంటే ఊరి పొలానికి నీళ్లే లేవు. అయినా ఈ విద్యకు ఊరు పెట్టిన పేరు అంటు. లంద వాసనొస్తుందని వాడను అవతలికి నెట్టారు. కళ్లంలో ఇన్ని గింజలు విదిలించి అదే కూలి అన్నారు. అదే తంగేడు చెక్క తోలు మద్రాసు రేవులో ఓడెక్కి ఇంగ్లండు పోయినప్పుడు మాత్రం వాసన రాలేదు. అప్పుడది వ్యాపారమైంది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మద్రాసులో క్రోమియం ఉప్పుతో తోలు పదును చేయడం మొదలైంది. వారాల పని రోజుల్లోకి వచ్చింది. లంద పోయి తిరిగే డ్రమ్ము వచ్చింది. యంత్రం వచ్చిందని మేం ఏడవం. పాత లందే మంచిదని ఎవరన్నా అంటే, ముందు వాళ్ల పిల్లల్ని దాంట్లోకి దించమనండి. మేం అడిగేది ఒక్కటే. డ్రమ్ము వచ్చాక మనం ఎక్కడున్నాం? ల్యాబులో ఉన్నామా? ఎగుమతి లెక్కల దగ్గర ఉన్నామా? పచ్చితోళ్లు మోసే కాడ, సున్నం తొట్టి కాడ, మురికి గుంత కాడ ఉన్నాం.

ఇది తోలు పనిలోనే జరిగింది కాదు. బొంబాయి బట్టల మిల్లుల్లో నేత ఖాతాలోకి అంటరానివాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. ఎందుకంటే అక్కడ నాడెలో దారం ఎక్కించాలంటే నోటితో పీల్చాలి. కూలి ఎక్కువొచ్చే ఖాతా అదే. 1928 సమ్మె కాలంలో డాక్టర్ అంబేద్కర్ ఈ సంగతిని లేవనెత్తారు. ఆవిరి యంత్రం వచ్చినా కులం గేటు బయట ఆగలేదు. లోపలికొచ్చి ఎవరికి ఏ పని అన్నది పంచిపెట్టింది.

ఇక లెక్క చూద్దాం. లెక్క మనకు రాకపోతే మనల్ని ముంచడం తేలిక. ఒక టన్ను పచ్చితోలు నుంచి చివరికి తయారయ్యే మంచి తోలు 200 నుంచి 250 కిలోలు. దానికి పోసే నీళ్లు 30 నుంచి 40 వేల లీటర్లు. పాత పద్ధతిలో క్రోమియం వేస్తే తోలు తాగేది నూటికి 60, 70 పాళ్లు. మిగిలింది నీళ్లతో బయటికి పోతుంది. ఆ మిగిలింది యజమానికి నష్టం. దాంట్లో చేతులు పెట్టిన కార్మికుడికి దురద, పుండు. కాలవ దాటి పొలంలో పడితే రైతుకూలీకి పని లేని నేల. సరుకు ఒక్కటే, ముగ్గురికీ మూడు రకాల దెబ్బ. అందుకే ఉత్పత్తి వేరు, భద్రత వేరు, పర్యావరణం వేరు అని ఎవరు చెప్పినా నమ్మకండి. వృథా తగ్గితే మూడూ ఒక్కసారే బాగుపడతాయి.

తగ్గించే దారులు లేవా? ఉన్నాయి. పచ్చితోలు కుళ్లకుండా పట్టించిన ఉప్పును, నానేసే ముందే దులిపి తీసేస్తే నీళ్లలో అంత ఉప్పు కలవదు. మిగిలిన క్రోమియం నీళ్లలో మెగ్నీషియం ఆక్సైడ్ వేస్తే క్రోమియం అడుక్కు దిగుతుంది. దాన్ని గంధకామ్లంలో కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. బొచ్చు ఊడదీయడానికి సల్ఫైడ్ తగ్గించి ఎంజైములు వాడొచ్చు. 1948లో మద్రాసులో పెట్టిన కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఇలాంటి పద్ధతుల మీదే పనిచేస్తూ వచ్చింది. విద్య ఉంది. అది తొట్టి దాకా దిగి రాలేదు.

రాకపోతే ఏమైందో పాలారును అడగండి. ఆ నది మన కుప్పం మీదుగా తమిళనాడులోకి పోతుంది. కింద వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట తోలు ఊళ్లు. తమిళనాట తోలు పని చేసిన అరుంధతీయుల్లో చాలామంది ఇళ్లల్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు. వాళ్లు మనవాళ్లు. అక్కడ సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతో, పూర్తిగానో పాడైందని ఒక సర్వేలో తేలిన సంగతి 1996 ఆగస్టు 28 నాటి సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. పాడుచేసినవాడే ఖర్చు పెట్టుకోవాలని కోర్టు చెప్పింది. అయినా 2015 జనవరి 31 తెల్లవారుజామున రాణిపేటలో మురికినీళ్లు శుద్ధిచేసే చోట బురద తొట్టి గోడ కూలి 10 మంది చచ్చిపోయారు. ఎక్కువమంది పశ్చిమ బెంగాల్ నుంచి కూలికొచ్చి, పక్కన నిద్రపోతున్నవాళ్లు. పర్యావరణం కోసం కట్టిన తొట్టే కార్మికుడి మీద పడింది. మనిషి లెక్కలో లేని పర్యావరణం అట్లాగే ఉంటుంది.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి. ఇంటికెళ్లి నలుగురికీ చెప్పండి. సల్ఫైడ్ నీళ్లకు ఆమ్లం తగిలితే విషవాయువు పుడుతుంది. కుళ్లిన బురదలోనూ పుడుతుంది. కొంచెం ఉంటే కుళ్లిన గుడ్డు వాసన. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది కదా, దిగొచ్చు అనుకుంటే ప్రాణం పోతుంది. ఆ గాలి బరువు, గుంత అడుగునే ఉంటుంది. ఒకడు పడిపోతాడు. వాణ్ని తీద్దామని తమ్ముడు దిగుతాడు. వాణ్ని తీద్దామని ఇంకొకడు. ఒకే ఇంట్లో రెండు శవాలు లేచేది ఇట్లాగే. లోపల పడింది కన్నకొడుకైనా సరే, శ్వాస పరికరం లేకుండా దిగొద్దు. 2025 ఫిబ్రవరి 2న కలకత్తా లెదర్ కాంప్లెక్స్‌లో మ్యాన్‌హోల్ శుభ్రం చేయబోయిన ముగ్గురు చచ్చిపోయారు.

చట్టం లేకనా? 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్‌లోనే రాశారు: విషవాయువు ఉండగల తొట్టిలోకి మనిషిని దించాలంటే ముందు గాలి తీసెయ్యాలి, తెలిసినవాడు పరీక్షించి కాగితం రాసివ్వాలి. లేదంటే శ్వాస పరికరం పెట్టి, నడుముకు తాడు కట్టి, ఆ తాడు కొస బయట మనిషి పట్టుకోవాలి. ఆ కాగితం మీలో ఎంతమంది చూశారు? 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం పోయి, 2020లో చేసిన వృత్తి భద్రత కోడ్ వచ్చింది. పాత చట్టంలో కరెంటుతో నడిచే చోట 10 మంది పనివాళ్లుంటే ఫ్యాక్టరీ. కొత్త కోడ్‌లో 20 మంది ఉండాలి. మనవాళ్లు పనిచేసే షెడ్లలో ఎంతమంది ఉంటారో మీరే లెక్కపెట్టుకోండి.

కాబట్టి మేం అడిగేవి ఇవి. గుంతలోకి పంపు దిగాలి, మనిషి దిగకూడదు. తప్పనిసరైతే గాలి కొలిచే మీటరు, తాడు, బయట కావలి మనిషి ఉండాలి. అవి లేకుంటే దిగం అని అందరం కలిసే చెప్పాలి. ఒక్కడు చెబితే పనిలోంచి తీసేస్తారు. ప్రతి డబ్బా మీదా అందులో ఏముందో పనివాడికొచ్చే భాషలో రాయాలి. చిన్న షెడ్లకు క్రోమియం తిరిగి తీసే ఏర్పాటు ప్రభుత్వమే ఉమ్మడిగా కట్టాలి. దాన్ని నడిపే చదువు మన పిల్లలకు చెప్పించాలి. మన పిల్లలు బురద ఎత్తడానికి కాదు, మీటరు చదవడానికి పోవాలి. మిగిలిన రసాయనం ఖర్చులో మన కూలికి, బూట్లకు, గ్లౌజులకు, వైద్యానికి వాటా రావాలి. చుట్టుపక్కల బావి నీళ్ల పరీక్ష కాగితాలు గ్రామసభలో చదివి వినిపించాలి.

తోలును ఎట్లా పదును చెయ్యాలో ఈ దేశానికి నేర్పినవాళ్లం. ఆ పనిని ప్రాణం పోకుండా ఎట్లా చెయ్యాలో కూడా మన మాట వినే చెయ్యాలి. ఈ పత్రిక అందిన ప్రతి కార్యకర్తా విషవాయువు సంగతి ఈ పక్షంలోనే వాడలో చదివి వినిపించండి. చదువురాని అవ్వకు కూడా అర్థమయ్యేదాకా చెప్పండి.

జై భీమ్!