స్లాబు పోసే ముందురోజు

మన ఉమ్మడి నల్లగొండ అంచున నాగార్జునసాగర్‌ను చూశారు కదా! 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన రాతి కట్టడం. వేలమంది చెమట అది. రాయి కొట్టేవాళ్లు, మాలు కలిపేవాళ్లు, మోసేవాళ్లు, పేర్చే మేస్త్రీలు. ఒకరు ఆగితే వెనక వరసంతా ఆగుతుంది.

మీ ఇంటి స్లాబుకూ అదే లెక్క. సెంట్రింగ్ అయింది, ఇనుము కట్టారు. కరెంటు పైపులు మరిచారు. కాంక్రీటు గట్టిపడ్డాక గుర్తొస్తే? సుత్తి, ఉలి పట్టి స్లాబును చెక్కాలి. ఎంత బాధ!

అందుకే పోసే ముందురోజే మేస్త్రీని, ఇనుము కట్టినాయన్ను, కరెంటు మనిషిని ఒకేచోటికి పిలవండి. అందరినీ, ఒకేచోటికి. పైపులు వాళ్ల ముందే చూసుకోండి. స్లాబు పోశాక కనీసం వారం నీళ్లు పట్టాలి. పట్టేదెవరో కూడా అప్పుడే తేల్చుకోండి.